చింతపిక్కకి ఎన్ని పళ్ళు?

పాలవాళ్ళింటి పెద్దాయన్ని వీధి వీధంతా పళ్ళాయన అంటుంది. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ పేరు విని సంచీ పట్టుకొచ్చి, డజను అరటిపళ్ళు ఇమ్మని అడిగిన రోజులున్నాయి. ఆయన కోప్పడేవాడు కాదు. "మా దగ్గరుండేవి కొనే పళ్ళు కావమ్మా, చూసే పళ్ళు" అని, పక్కన కట్టేసిన ఆవు కింది పెదవి లాగి మరీ చూపించేవాడు. వచ్చినావిడ సంచీ అక్కడే వదిలేసి పరుగో పరుగు.

నలభై ఏళ్ళుగా ఆయన చేసే పని పాలు పితకడం. ఆయనకి వచ్చిన పేరు మాత్రం పళ్ళు చూడడంలో. చుట్టుపక్కల ఎవరు ఆవుని కొన్నా, దూడని మార్చుకున్నా, ముందు ఆయనకి కబురు వెళ్తుంది. ఆయన చొక్కా చేతులు మడుస్తాడు. ఎడమచేత్తో ముట్టె పట్టుకుని, కుడి బొటనవేలితో కింది పెదవి దించి, రెప్పపాటు చూసి వదిలేస్తాడు. "రెండు పళ్ళు" అన్నాడంటే రెండున్నరేళ్ళు. "నాలుగు" అంటే మూడున్నర. "ఆరు" అంటే నాలుగున్నర. నోరు నిండిందన్నాడంటే అయిదు దాటిందన్నమాట. అమ్మేవాడు ఎంత మొత్తుకున్నా ఆ మాటకి తిరుగులేదు.

ఆ ఇంటి కోడలికీ ఒక పేరుంది. ఎందుకమ్మ. అత్తగారు పెట్టిన పేరు. కాపరానికి వచ్చిన మొదటి వారమే ఆ పిల్ల, "పాలు పొంగేముందు అంచున బుడగలెందుకు వస్తాయత్తయ్యా? ఆవు ఎక్కువగా ఎడమపక్కకే ఎందుకు ఒరుగుతుందత్తయ్యా?" అని అడిగి అడిగి ఆవిడ ప్రాణం తోడేసింది. కొడుకు సాయంత్రం పాలవ్యాను దిగి ఇంట్లోకి రాగానే, "ఒరేయ్, నువ్వు కట్టుకున్నది పెళ్ళాన్ని కాదురా, ప్రశ్నపత్రాన్ని" అంది ఆవిడ. రెండేళ్ళు గడిచాయి. ప్రశ్నలు తగ్గలేదు. అత్తగారే కాస్త అలవాటు పడింది.

ఆ ఇంట్లో అన్నీ ఆవులే, ఒక్క చింతపిక్క తప్ప.

చింతపిక్క గుర్రప్పిల్ల. బండి తోలే మనిషొకాయన ఆ పని మానేస్తూ, ఒక పాడిఆవుకి బదులుగా దాన్ని వీళ్ళ దొడ్లో కట్టేసి వెళ్ళి ఆరునెలలైంది. వెళ్ళేటప్పుడు "దీనికి మూడో ఏడు నడుస్తోంది" అన్నాడు. ముదురు గోధుమరంగు ఒళ్ళు. మీద చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు. కోడలు చూసీ చూడగానే చింతపిక్క అంది, అదే ఖాయమైంది. దానికి మాలీషు చేసేదీ, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేదీ, పొద్దున్నే రోడ్డు చివరిదాకా నడిపించేదీ కోడలే. మామగారు దాని జోలికి పోయేవాడు కాదు. "పాలివ్వని పశువుతో నాకేం మాటలుంటాయమ్మా" అనేవాడు.

రోడ్డు చివర రేకుల కప్పుతో పొడుగ్గా గుర్రాలశాల ఉంది. దాన్ని నడిపే ఆవిడని అందరూ శాలమ్మ అంటారు. ఏభైకి అటూ ఇటూ వయసు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, జేబులో గిట్టలు గీకే కొక్కెం. ఆవిడ దగ్గర గుర్రాలు చూసుకునే మనిషొకడున్నాడు. రోజుకి వెయ్యిసార్లు గుర్రాలతో "మెల్లగా, మెల్లగా" అంటూంటాడు కాబట్టి వాడి పేరే మెల్లగా అయిపోయింది. శాలలో ఉన్న బూడిదరంగు మగగుర్రానికి పేరు పెట్టింది వాడే. అల్లుడుగారు. ఎందుకురా అంటే, "మరేంటండీ? వేళకి మేత, పొద్దున స్నానం, మధ్యాహ్నం దువ్వెన, పక్కమీద కొత్త గడ్డి. పనా, పిలిచినప్పుడు వెళ్ళడమే. అల్లుడు కాకపోతే ఎవరండీ?" అన్నాడు.

ఆ చలికాలం చివర శాలలో ఒక ఆడగుర్రం ఈనింది. మగపిల్ల. గంటలోపే లేచి వణుకుతూ నిలబడింది, తల్లి పొదుగు వెతుక్కుంది. తల్లికి పాలు పడలేదు. మొదటిరోజు ముర్రుపాలు పక్కకొట్లో ఉన్న మరో బాలింత గుర్రం దగ్గర దొరికాయి కానీ ఆ తర్వాత దారి లేకపోయింది. శాలమ్మ పాలవాళ్ళింటికి మనిషిని పంపింది. కోడలు బిందె ఎత్తుకుని వెళ్ళింది. అక్కడికి వెళ్ళాక తెలిసింది, ఆవుపాలు ఉన్నవి ఉన్నట్టు పడితే ఆ పిల్ల కడుపు తట్టుకోదని.

"ఎందుకక్కా?"

"గుర్రం పాలు పల్చన, తియ్యన. ఆవుపాలు చిక్కన, చప్పన. మీగడ తీసెయ్. నీళ్ళు కలుపు. కాస్త పంచదార వెయ్" అంది శాలమ్మ.

ఆ సంగతి విని మామగారు నెత్తి పట్టుకున్నాడు. "నలభై ఏళ్ళు చుక్క నీళ్ళు కలపకుండా పోసిన ఇల్లమ్మా ఇది! ఇప్పుడు నా కోడలే బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడిందంటే ఊరేమనుకుంటుంది?" అన్నాడు. అయినా మీగడ తక్కువుండే తొలిపిండు పాలు వేరుగా తీసి పెట్టింది కూడా ఆయనే. రెండు నెలలు కోడలు రోజుకి నాలుగైదుసార్లు ఆ రోడ్డు చివరికి వెళ్ళి వచ్చింది. పిల్ల బతికింది, బతకడమే కాదు, కోడలి కొంగు దూరంనుంచి కనపడితే చాలు కంచె మీదికి ఎక్కేది.

అప్పుడంది శాలమ్మ, "నీకేం కావాలో అడుగు. కాదనను" అని.

కోడలు ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "మా చింతపిక్కకి అల్లుడుగారి పిల్ల కావాలక్కా."

శాలమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, తూచినట్టు అడిగింది. "దానికి వయసెంత?"

"మూడో ఏడన్నారు."

"మూడో ఏడు వేరు, మూడేళ్ళు వేరు. రెండేళ్ళ ఒక్కరోజుది కూడా మూడో ఏట్లో ఉన్నట్టే. నా శాలలో మూడు నిండని పిల్లని మగదానితో దాటించను. నాలుగైతే మరీ మంచిది."

"ఎదకొస్తోందిగా అక్కా. పోయినవారం ఇటుకలు మోసే గాడిదని చూసి కూడా తోకెత్తింది."

"ఎద ఏడాదిన్నరకే వస్తుంది. దానికేం తెలుసు పాపం." శాలమ్మ కోడల్ని లోపలికి తీసుకెళ్ళి, పెద్ద ఆడగుర్రం ఒకదాని వెనకాల నిలబెట్టింది. "ఈ నడుం చూడు, ఎంత వెడల్పుందో. ఇదిలా విచ్చుకోవడానికి నాలుగైదేళ్ళు పట్టింది. చూడి కడితే పదకొండు నెలలు మొయ్యాలి. ఆ పదకొండు నెలలూ అది తినే మేతకి ఇద్దరు పోటీ. కడుపులోది ఒకటి, ఇంకా తనే ఎదగాల్సిన తల్లి ఒకటి. ఎప్పుడూ కడుపులోదే గెలుస్తుంది. తల్లి ఎముక అక్కడే ఆగిపోతుంది. సరే, అదీ పోనీ అనుకో. ఈనేటప్పుడు పిల్ల ఇరుక్కుంటే?" ఆవిడ గోడకి వేలాడుతున్న ఒక పాత పగ్గం వైపు చూసి ఊరుకుంది.

కోడలు కూడా ఆ పగ్గం వైపు చూసింది. ఎవరిదని అడగబోయి, మొట్టమొదటిసారి ఒక ప్రశ్న మింగేసింది. మరోటి అడిగింది. "మరి మగదానికో?"

"దానికీ మూడు నిండాల్సిందే. రెండేళ్ళకే ఎగబడతాయి, నేను ఎగబడనివ్వను. ఇంకోటి కూడా విను. పదిహేను దాటిన ఆడగుర్రానికి మొదటి కాన్పు పెట్టుకోకూడదు. మరీ లేతా కాదు, మరీ ముదురూ కాదు. ముందు దాని వయసు తేల్చుకునిరా. అల్లుడుగారు ఈ ఎండలు తగ్గగానే వేరే శాలకి వెళ్ళిపోతున్నారు. మళ్ళీ ఇటు రారు."

వయసు తేల్చడానికి ఆ ఇంట్లో మనిషి కరువా? కోడలు ఇంటికెళ్ళి మామగారి ముందు నిలబడింది. పాలివ్వని పశువుతో మాటల్లేవన్న ఆయన, ప్రశ్న పళ్ళ దాకా వచ్చేసరికి కుర్చీలోంచి లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. చింతపిక్క దగ్గరికి వెళ్ళి, నోరు తెరిచాడు. ఈసారి రెప్పపాటులో అవలేదు, గుర్రం నోరు కొత్త కదా, కాస్త ఎక్కువసేపు చూశాడు.

"నాలుగు పళ్ళు" అన్నాడు. "మూడో ఏడన్నాడా ఆ బండాయన? వాడికి బండి తోలడం వచ్చుగానీ నోరు చూడడం రాదు. మూడున్నర దాటింది దీనికి."

కోడలు అక్కడికక్కడే గెంతింది. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "గుర్రాన్ని చూసి నేర్చుకుంటోంది" అంది.

ఆ కబురు వినగానే శాలమ్మ ఫోన్‌లో, "నాలుగేసిందా? బాబాయే చూశాడా? అయితే నేను మళ్ళీ చూడక్కర్లేదు. ఈ చుట్టుపక్కల ఆవులన్నీ ఆయన నోటిమాట మీద కొన్నవే" అంది.

ఇక లెక్కలు మొదలయ్యాయి. గుర్రానికి ఇరవై ఒక్క రోజులకోసారి ఎద. వస్తే అయిదారు రోజులుంటుంది. ఎద చివరి రోజుల్లో దాటిస్తే చూడి నిలుస్తుంది. కోడలు మేతపెట్టె మూతమీద సుద్దముక్కతో గీతలు గీసుకుంది. ఎదలో ఉందో లేదో చూడ్డానికి చింతపిక్కని తీసుకెళ్ళి శాలలో చెక్క అడ్డానికి ఇవతల నిలబెట్టింది, అవతల అల్లుడుగారు. మొదటిసారి చింతపిక్క చెవులు వెనక్కి పడేసి, చెక్క అదిరేటట్టు వెనక కాళ్ళతో ఒక్కటి తన్నింది. "ఇష్టం లేదండి, ఈవేళ కాదు" అన్నాడు గుర్రాలు చూసుకునే మెల్లగా. గీతలు ఇరవై దాటాక మళ్ళీ తీసుకెళితే, అదే పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి, తోక పక్కకి తిప్పి, కదలకుండా నిలబడింది. అల్లుడుగారు మెడ వంచి సకిలించారు.

"శుక్రవారం" అంది శాలమ్మ. ఆదివారం అల్లుడుగారి ప్రయాణం. ఉన్నది ఒకటే అవకాశం.

శుక్రవారం పొద్దున్న పాలు పోయడం అయ్యాక, పెయ్యని మార్చుకుందామని ఒకాయన దొడ్లోకి తోలుకొచ్చాడు. అది ఒకచోట నిలబడకుండా తల విదిలిస్తోంది. "అమ్మాయ్, కాస్త తల పట్టుకో" అన్నాడు మామగారు. కోడలు రెండు చేతులతో దాని తల ఎత్తి పట్టుకుంది. ఆయన పెదవి దించాడు. "రెండు పళ్ళు."

కోడలు ఇన్నాళ్ళూ ఆయన చూడడం చూసిందేగానీ, తను అంత దగ్గర్నుంచి ఏ ఆవు నోరూ చూడలేదు. పెయ్య నోరు తెరిచి నాలుక చాచింది. కింద నడుమ రెండు పెద్ద పళ్ళు, పక్కన బియ్యపుగింజల్లా పాలపళ్ళు. పైన? పైన ఏమీ లేదు. పలకలాగా గట్టిగా, గులాబీరంగు చిగురు.

"పైన పళ్ళు ఊడిపోయాయా మామయ్యా దీనికి?"

పెయ్యని తెచ్చినాయన పకపకా నవ్వాడు. మామగారు కూడా నవ్వాడు, ముద్దుగా. "ఆవుకి పైన ముందుపళ్ళు ఎక్కడుంటాయి పిచ్చి తల్లీ? పుట్టినప్పట్నుంచీ ఉండవు. కింది వరసతో కోసుకుని తింటుంది. మనం చూసేది కింది వరసే. ఉన్నది అదొక్కటేగా!"

కోడలు పెయ్య తల వదిలేసింది. తన కుడి మోచెయ్యి వైపు చూసుకుంది. నిన్న చింతపిక్క సరదాకి అక్కడ నోటితో అందుకుని పట్టింది. మచ్చ ఇంకా పోలేదు. రెండు గీతలు. ఒకటి పైన, ఒకటి కింద.

ఆమె తిన్నగా చింతపిక్క దగ్గరికి వెళ్ళింది. మామగారు పట్టుకున్నట్టే పట్టుకుని పెదవులు విప్పింది. పైన నడుమ రెండు పళ్ళు, పలకల్లా, లేత పసుపు, ఇంకా పూర్తిగా దిగనివి. వాటికి అటూ ఇటూ తెల్లగా చిన్న చిన్న పాలపళ్ళు. కిందా అచ్చం అంతే. పైన రెండు, కింద రెండు. కలిపితే నాలుగు.

మరి కింది వరస మాత్రమే లెక్కపెడితే?

చింతపిక్క చెయ్యి విదిలించుకుని, ఎందుకీ నోరు చూడడాలని అన్నట్టు తుమ్మింది. కోడలి ముఖమంతా తడిసింది. తుడుచుకోవడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడింది. బండాయన అబద్ధం చెప్పలేదేమో. మూడో ఏడంటే మూడో ఏడేనేమో. లేకపోతే గుర్రాల లెక్కే వేరేమో, రెండు వరసలూ కలుపుతారేమో. మామయ్యకి తెలియకుండా ఉంటుందా? నలభై ఏళ్ళు.

అడగకపోతే ఎవరికీ తెలియదు. శాలమ్మ చూడనంది. అల్లుడుగారు మళ్ళీ రారు. వచ్చే ఏడు ఈపాటికి దొడ్లో బూడిదరంగు పిల్ల గంతులేస్తూ ఉంటుంది. ఆ గంతులు కోడలి కళ్ళముందు ఎంత స్పష్టంగా కనపడ్డాయంటే, నాలుగు కాళ్ళ మీద తెల్ల మేజోళ్ళు కూడా కనపడ్డాయి.

వంటింట్లోకి వెళ్ళి గట్టుమీద కూర్చుంది. అత్తగారు పాలగిన్నె తోముతోంది.

"ఏమే, ముఖం అలా పెట్టావ్? ప్రశ్నలు అయిపోయాయా?"

"ఒకటే మిగిలిందత్తయ్యా. అడగాలో వద్దో తెలియట్లేదు." పళ్ళ సంగతంతా చెప్పింది.

అత్తగారు తోమడం ఆపలేదు. తర్వాత గిన్నె బోర్లించి, "నన్నీ ఇంటికి తెచ్చినప్పుడు నాకు పదిహేను. నీ మొగుడికి ముందు ఒకడు పుట్టాడు, నిలవలేదు. నా పళ్ళెన్నో ఎవరైనా లెక్కపెట్టారా?" అంది, వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. చేతులు తుడుచుకుంది. "అడుగు. ఊరికే పెట్టానా ఆ పేరు?"

మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని మామగారు తయారయ్యాడు. చింతపిక్క పగ్గం కోడలి చేతిలో ఉంది. దారిలో అడుగుదామనుకుంది. రెండు అడుగులకో మనిషి ఎదురై, "పళ్ళాయనా, ఎక్కడికి ఊరేగింపు?" అంటే, ఆయన ఆగి, "మూడున్నరేళ్ళ పిల్లమ్మా, నాలుగు పళ్ళు, నేనే చూశాను" అని చెప్పకుండా కదిలితేగా! సైకిలు బాగుచేసేవాడికి చెప్పాడు. మందులకొట్టు ఆవిడకి చెప్పాడు. బట్టలు ఆరేస్తూ మేడమీద నిలబడినావిడకి మెడ పైకెత్తి మరీ చెప్పాడు. అంతమందికి చెప్పాక ఆయన్ని నడిరోడ్డుమీద ఎలా అడగడం? కోడలి నోట్లో ప్రశ్న నానుతూనే ఉంది, శాల గేటు వచ్చేసింది.

అంతా సిద్ధంగా ఉంది. శాలమ్మ చింతపిక్క తోకకి మెత్తటి గుడ్డ చుట్టింది, వెంట్రుకలు అడ్డం రాకుండా. గోరువెచ్చటి నీళ్ళతో వెనకభాగం కడిగింది. వెనక కాళ్ళకి తన్నకుండా తాడు వేసింది. నేలమీద జారకుండా రంపపుపొట్టు పరిచి ఉంది. అవతలినుంచి మన మెల్లగా ఆ బూడిదరంగు కొండని నడిపించుకొస్తున్నాడు. "మెల్లగా, మెల్లగా అల్లుడుగారూ, విందు ఎక్కడికీ పోదు."

చింతపిక్క వణకలేదు. ఉత్సాహంగానే నిలబడింది. కానీ అల్లుడుగారు దాని వెనకాల వచ్చి నిలబడేసరికి, ఆ పక్కన చింతపిక్క ఎంత చిన్నగా కనపడిందంటే, కోడలికి ఆ నడుం మీద తన రెండు చేతులూ పెట్టి కప్పెయ్యాలనిపించింది.

"అక్కా, ఒక్కమాట!"

పగ్గం పట్టుకున్న మెల్లగా ఆగాడు. అల్లుడుగారు ఆగలేదు, వాడి పగ్గం నాలుగు అడుగులు ఈడ్చి ఆగారు.

"ఏంటమ్మా, ఇప్పుడా?" అంది శాలమ్మ.

"గుర్రానికి పళ్ళు ఒక వరస లెక్కా అక్కా, రెండు వరసలూ కలిపా?"

"ఇదేం ప్రశ్న? ఒక వరసే. కింద నాలుగు పెద్దవి వస్తే మూడున్నర, నాలుగు. రెండే వస్తే రెండున్నర. పైన కూడా అన్నే ఉంటాయి, అవి కలపం." శాలమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. "ఎందుకు?"

కోడలు మామగారి వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది, చూసేసింది.

ఆయన అప్పటిదాకా కంచెకి ఆనుకుని, ఈ ఘనకార్యం అంతా తనదే అన్నట్టు నిలబడి ఉన్నాడు. కంచె వదిలాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. చింతపిక్క దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. ముందు కింది పెదవి దించి చూశాడు. తర్వాత పై పెదవి ఎత్తి చూశాడు. మళ్ళీ కింద. ఇంతసేపు ఆయన ఏ నోరూ చూసి ఎరగడు. చింతపిక్క కూడా ఏం అర్థమయ్యిందో, కదలకుండా చూపించింది.

ఆయన 'నాలుగే' అంటే శాలమ్మ వింటుంది. నలభై ఏళ్ళ మాట. తను ఏం చెయ్యగలదు?

ఆయన నోరు మూసి, దాని చెంప మీద రెండుసార్లు తట్టాడు.

"తీసుకుపోవయ్యా అల్లుడుగారిని" అన్నాడు మెల్లగాతో. తర్వాత శాలమ్మ వైపు తిరిగి, "రెండేనమ్మా. రెండున్నర. పైవీ కలిపేశాను. నలభై ఏళ్ళుగా పైన ఏమీ లేని నోళ్ళు చూసినవాణ్ణి. దీనికి ఇన్ని కనపడేసరికి, కనపడినవన్నీ లెక్కే అనుకున్నాను" అన్నాడు.

శాలమ్మ వంగి చింతపిక్క కాళ్ళ తాడు విప్పింది. అలా వంగి ఉండగానే అంది, "తప్పు నాది కూడా బాబాయ్. చూడనన్నది నేనేగా."

అల్లుడుగారికి మాత్రం ఈ న్యాయం నచ్చలేదు. వెనక్కి తిప్పుతుంటే శాల రేకులు మోగేటట్టు సకిలించారు. "అవునండీ, పిలిచి వడ్డించలేదు, కోపం రాదా మరి" అని మెల్లగా ఆయన్ని బుజ్జగిస్తూ తీసుకెళ్ళాడు.

మామాకోడళ్ళు చింతపిక్కని తోలుకుని తిరుగుదారి పట్టారు. మేడమీదావిడ బట్టలు తీస్తూ, "అయ్యిందా పళ్ళాయనా?" అని కేకేసింది. కోడలు తల దించుకుంది.

ఆయన ఆగాడు. మెడ పైకెత్తాడు. "అవలేదమ్మా! లెక్క తప్పాను. దానికి రెండున్నరే. మా కోడలు పట్టుకుంది!" అని అంతే గట్టిగా చెప్పాడు. మందులకొట్టు ఆవిడకి చెప్పాడు. సైకిళ్ళవాడికి చెప్పాడు. వెళ్ళేటప్పుడు ఎంతమందికి చెప్పాడో వచ్చేటప్పుడు అంతమందికీ, ఒక్కర్ని వదలకుండా చెప్పాడు. కోడలికి కళ్ళు చెమర్చాయి. "మామయ్యా, మీకు కోపం లేదా?" అంది చివరికి.

"ఉంది. దారిలోనే అడిగితే ఇంత మందికి రెండుసార్లు చెప్పే పని తప్పేదిగా!"

ఇంట్లో అత్తగారు అంతా విని, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. "మీ మామయ్యకి పైవరస ఊడి ఆరేళ్ళయిందే. తనకి లేవు కదా, గుర్రానికి కనపడేసరికి ఆశకొద్దీ అవి కూడా కలిపేసుకున్నాడు" అంది. మామగారు నోరు గట్టిగా మూసుకుని నవ్వాడు.

ఆదివారం పొద్దున్న అల్లుడుగారిని లారీ ఎక్కించారు. కోడలు చూడ్డానికి వెళ్ళింది. చింతపిక్కని తీసుకెళ్ళలేదు. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, కనపడకుండా పోయాక కూడా కాసేపు అటే చూస్తూ ఉంది. బూడిదరంగు పిల్ల, నాలుగు తెల్ల మేజోళ్ళు. పోయింది.

వెనకనుంచి ఎవరో కొంగు లాగారు. తిరిగి చూస్తే కంచె సందులోంచి ముట్టె. తను పాలు పట్టిన పిల్ల. ఇప్పుడు అయిదు నెలలు. గోధుమరంగు బొచ్చు రాలిపోతూ, కళ్ళ చుట్టూ, ముక్కుమీదా బూడిదరంగు బయటపడుతోంది.

"ఇదేంటక్కా, రంగు మారుతోంది?"

"బూడిదవి పుట్టినప్పుడు బూడిదగా ఉండవు. తర్వాత తేలుతుంది" అంది శాలమ్మ, బూటు నేలకి కొట్టి మట్టి దులుపుకుంటూ. "ఎవరి కొడుకనుకున్నావ్ వాడు?"

కోడలు ఆ పిల్ల వైపు, లారీ వెళ్ళిన రోడ్డు వైపు మార్చి మార్చి చూసింది. రెండు నెలలు తన చేత్తో పాలు పట్టింది, ఆ ఒక్క ప్రశ్న అడగనే లేదు! వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది. వీడికి మూడు నిండేసరికి చింతపిక్కకి అయిదు దాటుతుంది.

"అప్పుడే వేళ్ళు మడవకు" అంది శాలమ్మ. "వాణ్ణి మగగుర్రంగా ఉంచుతానో, విత్తులు కొట్టించేస్తానో ఇంకా తెలియదు. కాళ్ళు చూడాలి, బుద్ధి చూడాలి. రెండేళ్ళు దాటాక గానీ చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవక్కా?"

శాలమ్మ నవ్వి, కంచె తలుపు తీసింది. "రా. కాళ్ళు ఎలా చూడాలో చూపిస్తాను."

ఆ సాయంత్రం కోడలు ఇంటికి వచ్చేసరికి, దొడ్లో మామగారు ముసలి ఆవు ముందు కూర్చుని, దాని పై పెదవి ఎత్తి, ఆ ఖాళీ చిగురుని తదేకంగా చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"లేనివాటిని" అన్నాడాయన. "నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూళ్ళేదమ్మా. ఎందుకుండవంటావ్?"